బొమ్మ కారు – ఉక్కు అచ్చు

చిన్ననాడు ఆడుకొన్న లోహపు బొమ్మ కారు వంటిదే మరల అంగడికి వచ్చినచో, పెద్దలును ముచ్చటపడి కొందురు. ఇన్నేండ్ల తరువాత అదే రూపము ఎట్లు వచ్చినది?

శ్రీకాకుళము జిల్లాలోని బుడితి ఇత్తడి సామానులు మనకు తెలిసినవే. ఇత్తడి అనగా రాగి, యశదము (జింకు) కలిసిన మిశ్రలోహము. ఇది కరుగుటకు సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. అట్టి లోహమును ఇసుక అచ్చులో పోసినచో, ఒక్క పోతతోనే అచ్చు పగులగొట్టవలసి వచ్చును.

బొమ్మ కారులో యశదమే ముఖ్యము. దానిలో 4 శాతము అల్యూమినియమును, రవ్వంత మెగ్నీషియమును కలుపుదురు. ఇది సుమారు 385 డిగ్రీలకే కరుగును. దీనిని గొప్ప పీడనముతో ఉక్కు అచ్చులోనికి చిమ్ముదురు. వేడి తక్కువ గనుక అచ్చు లక్షల పోతలకు నిలుచును. ఇంగ్లండులో 1934 నుండి ‘డింకీ టాయ్స్’ పేరుతో అమ్మబడిన కార్ల అచ్చులు కొన్ని 1960ల చివర కలకత్తా చేరినవి. అవే కార్లు అచ్చట ‘నిక్కీ టాయ్స్’ పేరుతో వెలువడినవి.

అచ్చు నిలిచినను బొమ్మ నిలువకపోవచ్చును. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందటి బొమ్మలు కొన్ని వాటంతటవే పగిలి పొడియైనవి. యశదములో సీసము రవ్వంత ఎక్కువైనను, తేమ తగిలినపుడు లోహపు స్ఫటికముల అంచుల వెంట క్షయము ప్రాకును. లోహము ఉబ్బి బీటలు వారును. దీనికి చికిత్స లేదు. కావుననే నేడు 99.99 శాతము శుద్ధమైన యశదమును వాడుదురు.

మీ ఇంట పాత కారున్నచో, భూతద్దముతో దాని అంచులు పరీక్షింపుడు. సన్నని బీటలు లేనిచో, తేమ తగులనిచోట దాచుడు. సముద్రతీరవాసులమైన మనకు ఈ జాగ్రత్త మరింత అవసరము.