గరిక మీద డాలర్ మచ్చలు

పొలం గట్టు మీద పెరిగే గరికను ఎరుగనివారు మీలో ఎవరూ వుండరు. ఎండకు మాడినా, పశువులు మేసినా, రైతు తవ్విపోసినా, నాలుగు చినుకులు పడగానే కణుపుల నుంచి మళ్ళీ చిగురిస్తుంది. సైనొడాన్ డాక్టిలాన్ అనే ఈ గడ్డినే అమెరికాలో బెర్ముడా గడ్డి అంటారు. అక్కడి దక్షిణ రాష్ట్రాలలో వేడి ఎక్కువ. అందుచేత గోల్ఫ్ మైదానాలలో గరికనూ, దాని సంకరజాతులనూ పెంచుతారు. ఇంత మొండి గడ్డికి అక్కడ బూజు తెగులు సోకుతుందంటే ఆశ్చర్యంగా లేదూ?

కారణం చాలావరకు పెంచే తీరులోనే వుంది. బంతి పడవలసిన గుంట చుట్టూ వుండే ‘గ్రీన్’ మీద గడ్డిని 3, 4 మిల్లీమీటర్ల ఎత్తుకు దాదాపు రోజూ కోస్తారు. ఇక ఆహారం తయారుచేయటానికి ఆకు ఎంత మిగులుతుంది? పైగా 1956లో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో విడుదలైన ‘టిఫ్‌గ్రీన్’ వంటి సంకరాలు విత్తనం కట్టవు. తీగముక్కలు నాటే పెంచాలి. అంటే గ్రీన్ అంతా ఒకే మొక్క అన్నమాట! ఒక పోచకు సోకగల రోగం అన్నిటికీ సోకగలదు.

అలాంటి రోగాలలో ఒకటి డాలర్ మచ్చ తెగులు. ఆకుల మీద ఎండుగడ్డి రంగు మచ్చలు, వాటి అంచున ఎరుపు కలిసిన గోధుమరంగు గీత కనిపిస్తాయి. రోగం సోకిన పోచలన్నీ కలిసి వెండి డాలరు నాణెమంత గుండ్రని మచ్చగా అగుపిస్తాయి. దీనికి కారణమైన శిలీంధ్రాలకు 2018లో క్లారిరీడియా అని కొత్త పేరు పెట్టారు. ఇవి సిద్ధబీజాల ద్వారా వ్యాపించటం అరుదు. సాలెగూడు వంటి తెల్లని దారాలుగా తడి ఆకు నుంచి పక్క ఆకుకు పాకుతాయి. చెప్పులకూ, కోతయంత్రానికీ అంటుకుని దూరం పోతాయి.

ఆకు ఎన్ని గంటలు తడిగా వున్నదన్నదే ఇక్కడ కీలకం. మీరు రేపు తెల్లవారుజామున గరిక కొనలను పరీక్షించండి. అక్కడ మెరిసే బొట్టు అంతా మంచు కాదు. రాత్రి వేరు పీల్చిన నీటిలో కొంత ఆకు కొన నుంచి బయటికి వస్తుంది. ఇదే బిందుస్రావం. అందులో చక్కెరలూ, అమైనో ఆమ్లాలూ కొద్దిగా వుంటాయి. శిలీంధ్రానికి నీరూ, తిండీ ఒక్కచోటనే!

అందుకే మైదానం కాపలాదారు పొద్దున్నే పొడవైన వెదురుకర్రతో గడ్డిని తట్టి బొట్లు రాలుస్తాడు, లేదా తాడు ఈడుస్తాడు. నీరు సాయంత్రం పెట్టడు, తెల్లవారుజామున పెడతాడు. నత్రజని తక్కువైన గడ్డికి ఈ తెగులు త్వరగా సోకుతుంది కనుక ఎరువు కొద్దికొద్దిగా వేస్తాడు.

మందు చల్లితే సరిపోదా అంటారేమో! 1960ల దశకం చివర బెనొమిల్ అనే మందు వచ్చింది. అది శిలీంధ్ర కణ విభజనకు కావలసిన ఒకే ఒక మాంసకృత్తును పట్టుకుంటుంది. ఆ మాంసకృత్తు కాస్త మారిన దారాలు కొన్ని బతికితే చాలు, అవే పెరిగి మైదానం ఆక్రమిస్తాయి. కొద్ది సంవత్సరాలకే అలా జరిగింది కూడా. ఇప్పుడు వేర్వేరు విధాలుగా పనిచేసే మందులను మార్చి మార్చి చల్లుతున్నారు. అయినా వెదురుకర్ర మూలన పడలేదు. మంచు బొట్టును రాల్చే కర్రకు అలవాటుపడిన శిలీంధ్రం ఇంతవరకూ లేదు.