నలుగురిలో ముగ్గురికి జాబ్: ఆ 75 శాతాన్ని నమ్మొచ్చా?

ఈరోజు స్టాటిస్టిక్స్‌లో ష్రింకేజ్ అంటే ఏంటో చూద్దాం. తెలుగులో కుదింపు అనుకోండి.

మీది బడంగ్‌పేట్. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కి చేరాలి. ఒక సెంటర్‌లో నలుగురు పరీక్ష రాస్తే ముగ్గురికి జాబ్ వచ్చింది, 75 శాతం. ఇంకోదాంట్లో 200 మందిలో 90 మందికి, 45 శాతం. ఇవి ఉదాహరణకి అనుకున్న అంకెలే. ఫీజు ఎక్కడ కడతారు?

ఆగండి. మొదటి దాంట్లో ఇంకొక్కరు తప్పినా 75 కాస్తా 50 అయిపోయేది. అందుకే చిన్న లెక్కని సగటు వైపు లాగుతాం. అన్ని సెంటర్ల సగటు 40 శాతం అనుకుందాం. ప్రతి సెంటర్‌కీ సగటు స్థాయి స్టూడెంట్లు 20 మందిని ఊహించి కలపండి. అంటే 8 జాబ్‌లు కలుస్తాయి. మొదటిది 24కి 11, దాదాపు 46 శాతం. రెండోది 220కి 98, దాదాపు 45. తేడా ఎగిరిపోయింది!

20 మందే ఎందుకు? సెంటర్ల మధ్య నిజంగా తేడా ఎక్కువుంటే తక్కువమందిని కలపాలి, అన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటే ఎక్కువమందిని.

ఏ వైపూ మొగ్గని అంచనాకి కూడా ఊగిసలాట ఒక హద్దు కన్నా తగ్గదని 1945లో చూపించింది ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన మన సి.ఆర్. రావు గారు. కాస్త మొగ్గితే? మూడు, అంతకన్నా ఎక్కువ సగటుల్ని ఒకేసారి అంచనా వేసేటప్పుడు, కుదిస్తే మొత్తం మీద తప్పు తగ్గుతుందని 1956లో చార్ల్స్ స్టెయిన్ దారి చూపించారు. ఒక్కో సెంటర్‌కి మాత్రం గ్యారంటీ లేదు. నిజంగా గొప్ప సెంటర్‌ని కూడా ఇది కిందికి లాగొచ్చు. స్టూడెంట్లు పెరిగేకొద్దీ అది తన అసలు స్థాయికి వస్తుంది.

కాబట్టి శాతం చూసే ముందు ఎంతమందిలోనో అడగండి. ఫీజు ఆ తర్వాత!