ఎదురుగా నీళ్ల ట్యూబు ఎందుకు?

గడ్డకట్టకుండా మందు కలిపిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పితే బరువైన ఎర్ర కణాలు అడుగుకు చేరతాయి. పైన పసుపు ప్లాస్మా, మధ్యలో తెల్ల కణాల పలుచని పొర కనిపిస్తాయి.

ఉన్నది ఒకే ట్యూబైతే? సరిగ్గా ఎదుటి గుంటలో అంతే బరువున్న నీళ్ల ట్యూబు పెట్టాలి. ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరంలో నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ట్యూబు మీద పడే బలం దాని బరువుకు దాదాపు 1,000 రెట్లు. అంటే ఒక్క గ్రాము తేడా వచ్చినా కిలో బరువు ఒకే పక్కకు లాగుతున్నట్టే! యంత్రం దడదడలాడుతుంది, ఇరుసు వంగిపోవచ్చు. అందుకే కంటితో మట్టం చూస్తే చాలదు, త్రాసులో తూచాలి.

స్విచ్ ఆపినా ట్యూబులను తిప్పే రోటర్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది; చేత్తో ఆపబోకండి. లోపల ట్యూబు పగిలిందనిపిస్తే యంత్రం ఆపి, అరగంట మూత తెరవకండి. గాల్లోకి లేచిన సన్నని తుంపర్లలో రోగక్రిములు ఉండవచ్చు.