కత్తిని దాచే రోజే కాపాడుకోవాలి

మూడేళ్ళ క్రితం బక్రీద్‌కు ముందురోజు సాయంత్రం మా ఇంట అటక మీది కత్తుల సంచి దింపాము. అంతకు ముందటి ఏడు ఖుర్బానీ ముగిసిన అలసటలో గబగబా కడిగి, వార్తాపత్రికలో చుట్టి పెట్టిన కత్తులవి. విప్పి చూడగా కాగితం అలుగుకు అతుక్కుపోయి ఉంది. అంచు పొడవునా ఎర్రమట్టి పూసినట్లు తుప్పు. ఆ రాత్రి సానరాయి ముందు కూర్చున్నప్పుడు, తప్పు దాచిన చేతిదేనని నాకు అర్థమయింది.

జిబహ్ చేసేవారు కత్తిని పదునుగా ఉంచుకొని జంతువుకు బాధ తగ్గించాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. తుప్పు తిన్న అంచుకు గుంటలు పడతాయి, అది నున్నగా తెగదు. కనుక కత్తి సంరక్షణ శుభ్రతకే గాక దయకు కూడా సంబంధించిన విషయం.

ఇనుముకు నీరు, గాలిలోని ఆక్సిజన్ తోడైతే తుప్పు పుడుతుంది. ఉప్పు దానిని వేగిరపరుస్తుంది. రక్తంలోనూ ఉప్పు ఉన్నది. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండి, కంటికి కనిపించని పొరగా అలుగును కాపాడుతుంది. అయినా ఉప్పునీటిలోనో, బ్లీచింగ్ కలిపిన నీటిలోనో నానితే దానికీ మచ్చలు పడతాయి. మామూలు ఉక్కు కత్తికి ఆ పొర కూడా లేదు.

తుప్పు పలుచగా ఉంటే వంటసోడాను కొద్ది నీటితో ముద్దచేసి పూసి, అరగంట తరువాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. గట్టిగా పట్టితే అలుగును మాత్రమే సిర్కాలో ముంచాలి, చెక్కపిడి తడవరాదు. అరగంటకొకసారి తీసి చూడాలి. రాత్రంతా వదిలితే పులుపు మంచి ఉక్కును కూడా తినివేస్తుంది. తరువాత కత్తిని బల్లపై ఆనించి, వీపు వైపు నుండి అంచు వైపుకు స్టీలు పీచుతో రుద్దాలి. సోడా కలిపిన నీటితో కడిగి, వెంటనే తుడిచి, ఆపై సానపట్టాలి. గుంటలు లోతుగా ఉంటే సానపట్టేవారికి ఇవ్వడమే మేలు.

ఇంత శ్రమ రాకుండా చేసేది మాత్రం దాచే రోజు పనే. పని ముగిసిన వెంటనే మొదట చన్నీటితో రక్తాన్ని కడగాలి. వేడినీటికి అది గడ్డకట్టి అంటుకుంటుంది. తరువాత సబ్బుతో కడిగి, పొడిబట్టతో తుడవాలి. అలుగు పిడిలో కలిసేచోట తడి దాగి ఉంటుంది గనుక గంటసేపు గాలికి ఆరనివ్వాలి. ఆపై రెండు చుక్కల కొబ్బరినూనె పలుచగా రాసి, పొడి నూలుబట్టలో చుట్టాలి. కాగితమూ, తోలు ఒరా తేమను పట్టి ఉంచుతాయి. ఈ మధ్య సంవత్సరాలలో బక్రీద్ వానాకాలపు ముంగిట వస్తున్నది. కత్తులు దాచిన మరునాటి నుండే గాలిలో తేమ పెరుగుతుంది. అందుచేత నెలకొకసారి విప్పి చూడాలి. వాడే ముందు పాత నూనెను కడిగివేయాలి. పిల్లలకు అందని చోట ఉంచాలని వేరే చెప్పనక్కరలేదు.

రోజూ కూరగాయలు తరిగే చాకుకూ, కత్తిపీటకూ ఇదే పద్ధతి. నిమ్మకాయ, మామిడికాయ కోసిన తరువాత తొట్టిలో వదిలివేయకుండా కడిగి తుడిస్తే చాలు.

ఇప్పుడు మా ఇంట మాంసం పంపకం ముగియగానే, భోజనానికి కూర్చునేలోపు, మా పెద్దవాడు కత్తులు కడిగి ఆరబెడుతున్నాడు. మరుసటి బక్రీద్‌కు సంచి విప్పినప్పుడు చేతికి నూనె జిడ్డు తప్ప మరేమీ అంటడం లేదు, అల్‌హమ్దులిల్లాహ్.