జడత్వ యుగ్మనం: కాగితంమీద ముందే కనిపించిన ప్రమాదం

1947 అక్టోబరు 14న చక్ యేగర్ బెల్ ఎక్స్-1 విమానంలో ధ్వనివేగాన్ని అధిగమించిన ఘట్టం విమానయాన చరిత్ర గ్రంథాలన్నింటిలోనూ కనిపిస్తుంది. మరుసటి ఏడాది లాంగ్లీలోని నాకా పరిశోధనాలయంలో విలియం ఫిలిప్స్ వెలువరించిన ఒక సాంకేతిక పత్రాన్ని మాత్రం ఆనాడు పట్టించుకున్నవారు తక్కువ. తన పొడవాటి అక్షం చుట్టూ వేగంగా దొర్లే విమానం ఒక హద్దు దాటాక అదుపు తప్పుతుందని ఆయన గణితపరంగా నిరూపించాడు. తరువాతి ఎనిమిదేళ్ల ప్రయోగ విమానాల చరిత్రలో కొంత భాగం ఆ పత్రానికి రక్తంతో రాసిన వ్యాఖ్యానమే.

సూత్రం కఠినమైనది కాదు. పొడవైన రోకలిని ఇరుసుకు కాస్త ఏటవాలుగా బిగించి గిర్రున తిప్పితే, దాని రెండు కొనలూ ఇరుసునుండి దూరంగా జరగజూస్తాయి. విమానం విషయంలోనూ అంతే. పాత విమానాలలో బరువు రెక్కల పొడవునా పరచుకొని ఉండేది. జెట్, రాకెట్ విమానాలకు రెక్కలు పొట్టివై, పలుచనై, బరువంతా సన్నని పొడవాటి దేహంలోకి చేరింది. అట్టి విమానం గాలి వచ్చే దిశకు కొద్ది కోణంలో ఉండి దొర్లినపుడు ముక్కూ తోకా బయటికి విసురుకుపోజూస్తాయి. వాటిని తిరిగి సరళరేఖలోకి తెచ్చేది తోక. అయితే అతిస్వన వేగంలో తోక పట్టు సన్నగిల్లుతుంది. అంటే దొర్లుడు పెంచే బలం ఒకవైపు, దానిని నిలువరించే బలం తగ్గుదల మరొకవైపు. ఇంగ్లీషులో ఇనర్షియా కప్లింగ్ అని పిలిచే ఈ స్థితినే ఇక్కడ జడత్వ యుగ్మనం అంటున్నాము.

1953 డిసెంబరు 12న యేగర్ నడిపిన ఎక్స్-1ఎ, మాక్ 2.44 వద్ద అదుపు తప్పి, నిమిషంలోపే దాదాపు 50,000 అడుగులు దొర్లుతూ కిందికి వచ్చింది. దట్టమైన గాలిలోకి దిగాక ఆయన దానిని అదుపులోకి తెచ్చుకోగలిగాడు. 1954 అక్టోబరు 12న ఎఫ్-100 యుద్ధవిమానాన్ని పరీక్షిస్తున్న జార్జ్ వెల్ష్‌కు ఆ అవకాశం దక్కలేదు. డైవ్ నుండి పైకి లాగుతుండగా విమానం ముక్కలైపోయింది. ఆ తరువాత దాని నిలువు తోకను పెంచి, రెక్కలను పొడిగించారు.

ఈ వరుసలో ముఖ్యమైనది అంతగా పేరులేని ఎక్స్-3 అని నా అభిప్రాయం. వేగంలో అది ఆశించిన ఫలితం ఇవ్వని విమానం. వెల్ష్ మరణించిన పదిహేనవ రోజున, అక్టోబరు 27న, జోసెఫ్ వాకర్ దానిని మాక్ 0.92 వద్ద ఎడమకు దొర్లించగానే ముక్కు ఒక్కసారి పైకి లేచింది, దేహం పక్కకు తిరిగింది. మరింత వేగంతో ఆయన మళ్లీ దొర్లించాడు. విమానం క్షేమంగా దిగింది. శకలాల నుండి ఊహించవలసినది తొలిసారి సాధనాల నమోదులుగా పరిశోధకుల చేతికి వచ్చింది. ఫిలిప్స్ సమీకరణాలతో పోల్చి చూచుటకు వీలైనది అప్పుడే.

అయినా ప్రమాదాలు ఆగలేదు. 1956 సెప్టెంబరు 27న బి-50 విమానం నుండి విడివడిన ఎక్స్-2లో మిల్బర్న్ ఆప్ట్ మాక్ 3.196 చేరి, మాక్ 3 దాటిన తొలి మానవుడయ్యాడు. రాకెట్ విమానంలో ఆయనకు అదే మొదటి ప్రయాణం. ఆ వేగంలో దిశాస్థిరత్వం ఎలా క్షీణిస్తుందో నేలమీది ఎనలాగ్ సిమ్యులేటర్‌లో ఆయనకు ముందే చూపారు. అయినప్పటికీ వేగం తగ్గకముందే ఎడ్వర్డ్స్ స్థావరం వైపు మలుపు తీసుకున్నాడు. దిగవలసిన ఎండిన సరస్సుకు మరీ దూరమవుతానన్న ఆందోళనే ఇందుకు కారణమని తరచు చెబుతారు. విమానం మూడు అక్షాల చుట్టూ ఒకేసారి దొర్లింది. ఆయన ముక్కుభాగాన్ని విడదీసుకున్నాడు గాని, అందులోనుండి బయటపడే వ్యవధి చాలలేదు.

ఇక్కడ పైలట్ పొరపాటు అని తేల్చివేయడం సులభమే. కాని సిమ్యులేటర్ గదిలో తెరమీద కదిలే గీత వేరు. ఇంధనం అయిపోయి, ధ్వనికి మూడింతల వేగంతో స్థావరానికి దూరంగా పోతున్న మనిషి తీసుకోవలసిన నిర్ణయం వేరు. ఎక్స్-2 కార్యక్రమం ఆ రోజుతోనే ముగిసింది. 1959లో ఎగిరిన ఎక్స్-15కు తోక భాగాన ఆప్పు ఆకారంలో మందమైన నిలువు రెక్కలు అమర్చారు.