క్రిస్మస్ కార్డు మనమే డిజైన్ చేద్దాం... తెలుగు అక్షరాలు విరిగిపోకుండా!

పోయిన డిసెంబర్‌లో నేను డిజైన్ చేసిన క్రిస్మస్ కార్డులు నలభై ప్రింట్ చేయించి బాపట్లలో ఉన్న మా అమ్మమ్మకి పంపించా. పండక్కి ఇంటికెళ్తే టీవీ పక్కన ఒక కార్డు కనపడింది, ఎర్ర పెన్నుతో దిద్ది! అమ్మమ్మ ముప్ఫై ఏళ్లు స్కూల్లో తెలుగు చెప్పింది. కార్డు మీదేమో ‘క్‌రిస్‌మస్‌ శుభాకాంక్‌షలు’ అని పడింది. దాని కింద ఆవిడ సరైన మాట రెండుసార్లు రాసి, మూలన పదికి నాలుగు మార్కులు వేసింది. మిగతా ముప్ఫై తొమ్మిది కార్డులూ బీరువాలోనే ఉన్నాయి. ఒక్కటీ ఎవరికీ వెళ్లలేదు.

ఒకప్పుడు ఆ నలభై కార్డులూ అమ్మమ్మే చేత్తో రాసేది. చుట్టాలకి, పాత స్టూడెంట్స్‌కి, ట్రాన్స్‌ఫరై వెళ్లిపోయిన టీచర్లకి. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, నాలుగు లైన్లు రాస్తే అలసిపోతుంది. అందుకే ‘నేను కంప్యూటర్లో చేసిస్తాలే’ అని గొప్పగా చెప్పి ఆ పని తీసుకున్నా. చేసిచ్చింది అది.

ఈ సంవత్సరం మళ్లీ చేశాను. అప్పుడు ఏం తప్పు జరిగింది, ఇప్పుడు ఏం మార్చాను అన్నదే ఈ ఆర్టికల్. మీ ఇంట్లో కార్డు క్రిస్మస్‌ది కాకపోయినా, సంక్రాంతిదైనా పెళ్లిదైనా, కథ ఇదే.

ముందు ఆ విరిగిన అక్షరాల సంగతి. ‘క్రిస్మస్’ స్క్రీన్ మీద మూడు అక్షరాలే. కానీ ఫైల్ లోపల యూనికోడ్‌లో అవి తొమ్మిది కోడ్ పాయింట్లు: క, పొల్లు, ర, గుడి, స, పొల్లు, మ, స, పొల్లు. ఈ తొమ్మిదింటినీ కలిపి ర‌ని వత్తుగా కిందికి దించి, కోడ్‌లో ర తర్వాత వచ్చే గుడిని తీసుకెళ్లి క నెత్తిన పెట్టాలి. ఈ పనిని షేపింగ్ అంటారు. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్... వీటన్నిటిలో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. అందుకే ఫోన్‌లో మనకి ఈ సమస్య దాదాపు కనపడదు. షేపింగ్ చేయని సాఫ్ట్‌వేర్‌లో అదే ఫైల్ ఓపెన్ చేస్తే మాత్రం ఏ ముక్కకా ముక్క విడివిడిగా నిలబడిపోతుంది.

నా విషయంలో అదే జరిగింది. ల్యాప్‌టాప్‌లో అంతా బాగానే ఉంది. ప్రింటింగ్ షాపు వాళ్లు అడిగారని ఎడిట్ చేయగలిగే ఫైల్ పంపా. వాళ్ల దగ్గరున్న పాత సాఫ్ట్‌వేర్‌లో అది విరిగింది. నిజం చెప్పాలంటే వాళ్లు వాట్సాప్‌లో ప్రూఫ్ కూడా పంపారు. నేనే క్యాబ్‌లో కూర్చుని, జూమ్ చేయకుండా ‘ఓకే అన్నా’ అని కొట్టేశా.

మన ఊళ్లలో డీటీపీ షాపులు ఏళ్ల తరబడి అను లాంటి యూనికోడ్ కాని ఫాంట్లతోనే నడిచాయి. వాటిలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లీష్ అక్షరాల కోడ్‌ల మీద కూర్చుని ఉంటాయి. అలాంటి చోట మనం యూనికోడ్ మెసేజ్ కాపీ పేస్ట్ చేస్తే చిందరవందర తప్పదు. ఫోటోషాప్ పాత వెర్షన్లలో కూడా తెలుగు సరిగ్గా రావాలంటే పారాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

దీనికి మందు ఒక్కటే. అక్షరాలని అక్షరాలుగా పంపొద్దు, బొమ్మలుగా పంపండి. ఇంక్‌స్కేప్‌లో టెక్స్ట్ సెలెక్ట్ చేసి పాత్ మెనూలో ‘ఆబ్జెక్ట్ టు పాత్’ కొడితే ప్రతి అక్షరం గీతల అవుట్‌లైన్ అయిపోతుంది. తర్వాత పీడీఎఫ్ చేసి ఇస్తే ఎదుటివాళ్ల దగ్గర ఫాంట్ ఉన్నా లేకపోయినా, షేపింగ్ వచ్చినా రాకపోయినా ఒక్క వత్తు కూడా కదలదు. ఒక్కసారి పాత్ అయ్యాక స్పెల్లింగ్ మార్చలేరు కాబట్టి అసలు ఫైల్ వేరే పేరుతో సేవ్ చేసుకోండి. నేను చేసుకోలేదు, ‘హృదయపూర్వక’ని మళ్లీ మొదటినుంచి టైప్ చేశా.

ఏ యాప్ వాడాలి అంటే... ఫోన్ మాత్రమే ఉంటే పిక్సెల్‌ల్యాబ్ చాలు. ఫాంట్ ఫైల్ డౌన్‌లోడ్ చేసి యాడ్ చేసుకోవచ్చు, తెలుగు బాగానే వస్తుంది. కాన్వా సులువు, ఫ్రీ అకౌంట్‌తో కూడా ‘పీడీఎఫ్ ప్రింట్’ డౌన్‌లోడ్ దొరుకుతుంది. కానీ దాని క్రిస్మస్ టెంప్లేట్లలో ఎక్కడ చూసినా మంచు, పైన్ చెట్లు, మఫ్లర్ కట్టుకున్న స్నోమ్యానే. నా పోయినేటి కార్డు మీద ఆ స్నోమ్యాన్‌ని చూసి అమ్మమ్మ ‘ఎవర్రా ఈ సున్నం కొట్టించుకున్న మనిషి?’ అంది. బాపట్లలో మంచు పడటం ఆవిడ ఎప్పుడు చూసింది పాపం!

అందుకే ఈసారి టెంప్లేట్ వద్దనుకుని ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్, గింప్‌లతో కూర్చున్నా. బొమ్మ కోసం ఎక్కడికీ వెళ్లలేదు. మా ఇంట్లో డిసెంబర్ మొదటి వారంలోనే వరండాలో కాగితం స్టార్ కడతారు, లోపల బల్బు పెట్టి. దాన్నే తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్‌తో గీసి, ఫోన్‌తో స్కాన్ చేసి, ఇంక్‌స్కేప్‌లో ‘ట్రేస్ బిట్‌మ్యాప్’ కొట్టా. అది ఫోటోని వెక్టర్‌గా మారుస్తుంది. ఎంత పెద్దది చేసినా అంచులు పిక్సెల్స్‌గా పగలవు.

అక్కడే ఒక ఐడియా వచ్చింది. బొమ్మని ట్రేస్ చేయగలిగితే చేతిరాతని ఎందుకు చేయలేం?

2009లో అమ్మమ్మ మా అమ్మకి పంపిన కార్డు ఇంట్లో ఉంది. నీలం ఇంకు, పసుపు తిరిగిన కాగితం, గుండ్రటి టీచర్ రాత. మామూలుగా స్కాన్ చేసి ట్రేస్ చేస్తే కాగితం మీద మరకలన్నీ అక్షరాలతో పాటు వచ్చేశాయి. తర్వాత దొరికిన చిట్కా ఇది: గింప్‌లో కలర్స్ మెనూలో కాంపోనెంట్స్, అందులో డీకంపోజ్‌కి వెళ్లి ఫోటోని ఆర్‌జీబీ ఛానళ్లుగా విడదీసి, రెడ్ ఛానల్ ఒక్కటే తీసుకోండి. నీలం ఇంకులో ఎరుపు తక్కువ కాబట్టి అది నల్లగా కనపడుతుంది. పసుపు కాగితంలో ఎరుపు ఎక్కువ కాబట్టి అది దాదాపు తెల్లగా అయిపోతుంది. మరకలు సగం అక్కడే మాయం. ఆ తర్వాత ట్రేస్ చేసేటప్పుడు ‘బ్రైట్‌నెస్ కటాఫ్’ కొంచెం కొంచెం మారుస్తూ సన్నటి గీతలు తెగకుండా, సున్నాలు పూడుకుపోకుండా ఉండే చోట ఆగాలి. ‘స్పెకిల్స్’ అనే ఆప్షన్ చిన్న చిన్న చుక్కల్ని తీసేస్తుంది.

‘సింప్లిఫై’ మాత్రం కొట్టకండి. నేను ఒకసారి కొట్టా. రాత నున్నగా, అందంగా వచ్చింది. కానీ అది అమ్మమ్మ రాతలా లేదు. ఆవిడ ‘శ’ మొదట్లో పెన్ను కాసేపు ఆపుతుంది, అక్కడ ఇంకు బొట్టులా నిలుస్తుంది. ఆ బొట్టు పోయింది. కంట్రోల్ జెడ్.

పైన పెద్ద అక్షరాల్లో ఆ చేతిరాత. లోపల మెసేజ్‌కి మాత్రం ఫాంటే కావాలి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు సెక్షన్ తెరిస్తే పెద్దన, ధూర్జటి, తిమ్మన, తెనాలి రామకృష్ణ అని భువన విజయంలోకి వెళ్లినట్టే ఉంటుంది. అన్నీ ఉచితమే. హెడ్డింగ్‌కి రామభద్ర బాగా దిట్టంగా ఉంటుంది. చదవడానికి నాకు మండలి నచ్చింది. అమ్మమ్మలాగే కార్డులు అందుకునేవాళ్లలో సగం మందికి కళ్లద్దాలు ఉంటాయి కాబట్టి 16 పాయింట్ పెట్టా. తెలుగుకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కదా, లైన్ స్పేసింగ్ ఇంగ్లీష్‌కి పెట్టినట్టు పెడితే పై లైను వత్తు కింది లైను గుడిని గుద్దుకుంటుంది. ఒకటిన్నర రెట్లు పెట్టండి.

సైజు లెక్క తేలికే. ఏ4 కాగితం అడ్డంగా పెట్టి మధ్యకి మడిస్తే ఏ5 కార్డు. 300 డీపీఐ దగ్గర ఏ4 అంటే 3508×2480 పిక్సెల్స్. బయటి పేజీలో కుడి సగం కార్డు ముఖం, ఎడమ సగం వెనక వైపు. ఇది చాలామంది తిరగేసి చేస్తారు. రెండు వైపులా ప్రింట్ కొట్టేటప్పుడు ‘ఫ్లిప్ ఆన్ షార్ట్ ఎడ్జ్’ ఎంచుకోవాలి, లేకపోతే లోపలి మెసేజ్ తలకిందులుగా వస్తుంది. నాకు మొదటి రెండూ అలాగే వచ్చాయి.

మందం కాగితం కొనేముందు మీ ప్రింటర్ ఎన్ని జీఎస్ఎం తీసుకుంటుందో మాన్యువల్‌లో చూడండి. మందం కాగితాన్ని నేరుగా మడిస్తే మడత దగ్గర రంగు పగులుతుంది. ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో స్కేలు పెట్టి ఒక గీత నొక్కి గీసి, అప్పుడు మడవండి. స్క్రీన్ మీద మెరిసే పచ్చరంగు కాగితం మీద కాస్త చప్పగానే వస్తుంది, అది ఇంకు పరిమితి. అందుకే నలభై ఒకేసారి కొట్టకుండా ఒకటి కొట్టి పగటి వెలుతురులో చూడండి.

మా ఫ్రెండ్ దగ్గర క్రికట్ కటింగ్ మెషీన్ ఉంది. ముఖం మీద స్టార్‌ని కోసి, వెనక పసుపు కాగితం అంటిస్తే బల్బు వెలిగినట్టే ఉంది. అదే ఊపులో ‘శుభాకాంక్షలు’ని కూడా కోద్దామనుకున్నాం. ఇక్కడ రెండు ఇబ్బందులు. ఒకటి, ఫాంట్‌లో దీర్ఘం, వత్తు విడి ముక్కలుగా వచ్చి అక్షరం మీద ఎక్కి ఉండొచ్చు. మెషీన్‌కి అది తెలియదు, ఎక్కిన చోట కూడా కోసేస్తుంది. పాత్ చేశాక అన్‌గ్రూప్ చేసి ‘యూనియన్’ కొడితే ఒకే ముక్క అవుతుంది. రెండోది, సున్నా. ‘కాం’లో సున్నా చుట్టూ కోయగానే మధ్య బిళ్ల ఊడి కింద పడిపోతుంది. ఇంగ్లీష్‌లో ఓ, ఏ లాంటి ఏడెనిమిది అక్షరాలకే ఈ బాధ. మనవి గుండ్రటి అక్షరాలు, బిళ్లలే బిళ్లలు. సన్నటి వంతెనలు గీసి కలపొచ్చు కానీ రాత అందం చెడిపోతుంది. స్టార్‌తో ఆపేశాం.

అన్నట్టు, కార్డులు అచ్చు వేయించడం వెనక కూడా బద్ధకమే ఉంది. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయనకి అందరికీ విడివిడిగా ఉత్తరాలు రాసే తీరిక లేక, జాన్ కాల్‌కాట్ హోర్స్‌లీతో బొమ్మ వేయించి 1000 కార్డులు అచ్చేయించాడు. మిగిలినవి ఒక్కోటి ఒక షిల్లింగ్‌కి అమ్మారు. అంటే ఫార్వర్డ్ మెసేజ్‌కి తాతగారన్నమాట. మీరూ వాట్సాప్‌లో పంపేట్టయితే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, కంప్రెస్ కాకుండా అసలు ఫైల్ వెళ్తుంది.

పోయిన ఆదివారం కొత్త కార్డులు తీసుకుని బాపట్ల వెళ్లా. అమ్మమ్మ అద్దాలు పెట్టుకుని, పైన రాతని వేలితో తడిమి చూసింది. ఉబ్బెత్తుగా లేదు కదా, అచ్చే.

“ఇది నేనెప్పుడు రాశాన్రా?”

“2009లో.”

కాసేపు చూసి, “అప్పుడు చెయ్యి బాగుండేది” అంది. తర్వాత లోపలి మెసేజ్ ఒక్కో లైనూ పైకి చదివింది, క్షలూ హృలూ అన్నీ. నేను మార్కులెన్ని అని అడిగా. “ముందు కవర్ల మీద అడ్రసులు రాయడం మొదలుపెట్టు” అని డైరీ నా ఒళ్లో పెట్టింది. అందులో నలభై మూడు పేర్లున్నాయి. ఇంకో మూడు కార్డులు కావాలి, ఇంట్లో ప్రింటర్‌లో పసుపు ఇంకు అయిపోయింది.