రికాబు దాకా పన్నెండు నెలలు

డిసెంబరు నెల, పొద్దున్నే ఆరున్నర. నవా రాయ్‌పూర్ వైపు పోయే దారిలో వేప చెట్ల వెనక చిన్న మైదానం, ఆరు గుర్రాల లాయం. చలికి గుర్రాల ముక్కుల్లోంచి ఆవిరి లేస్తోంది. పదకొండు నెలల తర్వాత అక్కడ అడుగుపెట్టాను. కొత్త హెల్మెట్టు, మడమ ఉన్న బూట్లు... ఎక్కేద్దామనే వచ్చాను. సైసు కకా నన్ను ఎగాదిగా చూశాడు. లోపలికెళ్ళి జీను తెస్తాడనుకుంటే ఖరారా తెచ్చి చేతిలో పెట్టాడు. గుర్రం ఒంటి మీది దుమ్మూ, రాలు వెంట్రుకలూ లేపే పళ్ళ దువ్వెన అది.

“డర్ లాగత్ హే కా, నోని?” అన్నాడు. భయమేస్తోందా అమ్మాయీ, అని. నాకు నలభై మూడేళ్ళు. అయినా ఛత్తీస్‌గఢ్‌లో కూతురి వరసైన ఆడవాళ్ళంతా నోనిలే, చిన్నాన్న వరసైన మగవాళ్ళంతా కకాలే.

“లేదు కకా” అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. గుర్రం చెవుల వంక చూశాడు. అవి వెనక్కి తిరిగి ఉన్నాయి.

ఆ నెలంతా నేను చేసింది దువ్వడమే.

భాటా నేల

ఇక్కడి రైతులకు నేలలకు వేరువేరు పేర్లున్నాయి. నల్లరేగడి కన్హార్, పసుపుపచ్చటిది మటాసీ, గులకరాళ్ళు కలిసిన ఎర్రటి గట్టి నేల భాటా. గుర్రపుస్వారీ నేర్పే బరిలో ఇసుక పోస్తారు. నేను పడ్డది బరి బయట, భాటా మీద. జనవరిలో, పెళ్ళిళ్ళ రోజుల్లో. పక్క ఊళ్ళో బరాత్, అంటే పెళ్ళికొడుకు ఊరేగింపు, బయల్దేరింది. బ్యాండు మేళం, దాని వెనకే టపాకాయల లడీ. నేనెక్కింది ఇంకా కుదురు పడని కుర్ర గుర్రం. అది పరిగెత్తలేదు, ఎగరలేదు. ఒక్క అడుగు పక్కకేసింది, అంతే. గుర్రం కుడికి పోయింది, నేను ఉన్నచోటే ఉండిపోయాను, గాల్లో.

కూర్చున్న భంగిమలోనే నేలకు కొట్టుకున్నాను. రౌతులకు తగిలే దెబ్బల్లో ఇదొక రకం. పిరుదుల మీద పడితే ఆ తాకిడి నిట్టనిలువుగా వెన్నులోకి ఎక్కుతుంది. ఛాతీ భాగం ముగిసి నడుము మొదలయ్యే చోట, ఎల్1 అనే పూస దగ్గర, వెన్ను బిగువు మారుతుంది. నలిగితే ఎక్కువగా అక్కడే నలుగుతుంది. నాదీ అదే. వెన్నుపాముకు తగల్లేదు కాబట్టి ఆపరేషన్ తప్పింది. మూడు నెలలు చంకల కింద నుంచి తుంటి దాకా ప్లాస్టిక్ డొప్ప బిగించారు. పడుకుంటేనే తీసేది.

అమ్మకు ఫోను చేసి చెప్పడానికి వారం పట్టింది. బొబ్బిలి మనిషి. “గుర్రాలెక్కడానికి నువ్వేటి, తాండ్ర పాపారాయుడి మనవరాలివేటే?” అంది. తర్వాత ఏడ్చింది. పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా రైలు పట్టాలు 1931లో పూర్తయ్యాయి. ఆ పట్టాల వెంబడి కూలికీ కొలువుకీ వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాల్లో మాదొకటి. మా వాళ్ళెవరూ గుర్రమెక్కలేదు. రిక్షా ఎక్కడానికే లెక్క చూసుకున్న వంశం.

వెంటనే ఎక్కకూడదు

గుర్రం మీంచి పడితే దులుపుకుని వెంటనే మళ్ళీ ఎక్కాలని, లేకపోతే భయం లోపల గూడు కట్టుకుంటుందని ప్రతివాళ్ళూ చెప్తారు. జన్మలో గుర్రాన్ని ముట్టుకోని వాళ్ళు కూడా చెప్తారు. నాకు ఐసీయూ బయట కూర్చున్న దూరపు చుట్టం ఒకాయన చెప్పాడు.

ఈ మాటకు బలం తెచ్చిన కథలు లేకపోలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా రౌతు బిల్ రాయ్‌క్రాఫ్ట్ క్రాస్‌కంట్రీలో గుర్రంతో సహా పడ్డాడు. కాలర్ ఎముక విరిగింది. మర్నాడు షో జంపింగ్‌లో ఆయన దిగకపోతే జట్టుకు పతకం లేదు. ఆసుపత్రి నుంచి బయటికొచ్చి, కట్లతోనే గుర్రమెక్కి దూకించాడు. జట్టుకు స్వర్ణం. అప్పటికి ఆయనకు నలభై అయిదేళ్ళు. వినడానికి ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ ఇప్పటి నిబంధనల్లో క్రాస్‌కంట్రీలో రౌతు పడితే పోటీ అక్కడితో సరి. డాక్టరు చూడాల్సిందే. ఈ నిబంధన ఊరికే రాలేదు. తలకు దెబ్బ తగిలినప్పుడు మనిషి లేచి నిలబడి నవ్వుతూ మాట్లాడుతున్నా లోపల మెదడు అదిరి ఉండొచ్చు. ఆ అదురు తగ్గకముందే ఇంకో దెబ్బ పడితే అది ప్రాణాల మీదికి తెస్తుంది.

హెల్మెట్టుదీ అదే కథ. దాని లోపలి గట్టి నురగ ఒక్కసారే పనిచేస్తుంది. దెబ్బను మింగి తాను నలిగిపోతుంది. పైకి గీత కూడా కనిపించదు. నా పాతదాన్ని మావారు తుడిచి అలమారాలో భద్రంగా దాచారు. డబ్బు పోసి కొన్నది కదా అని. నేను దాన్ని సుత్తితో పగలగొట్టి చెత్తలో వేశాను, ఇంకెవరూ పెట్టుకోకుండా.

ఎముక మూడు నెలలకు అతికింది. కండ నా మాట వినడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. ఫిజియోథెరపీ కుర్రాడు క్రికెటర్లను చూశాడు, స్కూటర్ మీంచి పడ్డవాళ్ళను చూశాడు. నేను మొదటి రౌతును. “కూర్చోవడమే కదా మేడమ్” అన్నాడు. కాదని చెప్పడానికి రెండు వారాలు పట్టింది. గుర్రం నడుస్తుంటే దాని వీపు మన తుంటిని ముందుకీ వెనక్కీ, అటూ ఇటూ, కొంచెం గుండ్రంగానూ కదిలిస్తుంది. మనం నడిచేటప్పుడు తుంటి ఎలా కదులుతుందో దాదాపు అలాగే. నడవలేని పిల్లలకు గుర్రం మీద చికిత్స చేయడం వెనకున్న కిటుకు ఇదే. ఆ కదలికకు దారి ఇవ్వకుండా నడుము బిగిస్తే ప్రతి అడుగూ వెన్నులో గుద్దు. ఆర్థోపెడిక్ డాక్టరు మాత్రం నన్ను ఆశ్చర్యపరిచే ప్రశ్న వేశారు. “ఎక్కడం సరే, దిగేదెలా?” అని. పదిహేను చేతుల గుర్రమంటే, చెయ్యికి నాలుగంగుళాల లెక్కన, భుజం దగ్గర అయిదడుగులు. అంత ఎత్తు నుంచి ధబ్బున జారి దిగడమే నా అలవాటు. ఎక్కడానికీ దిగడానికీ ఎత్తుపీట ఉంటేనే ఒప్పుకుంటానన్నారు. ఎత్తుపీట గుర్రం వీపుకీ మంచిదే. ఒకవైపు రికాబులో బరువంతా వేసి లాక్కుని ఎక్కితే జీను దాని వెన్ను మీద మెలి తిరుగుతుంది.

గొడుగు తెరవలేదు

మనకు పాత సామెత ఉంది, రౌతు కొద్దీ గుర్రం అని. రౌతుకు సత్తా లేకపోతే గుర్రం సాగదని దెప్పడానికే వాడతాం. స్వీడన్‌లో 2009లో అచ్చయిన ఒక పరిశోధన చదివాక నాకు అందులో ఇంకో అర్థం కనిపించింది. లిండా కీలింగ్, ఆమె సహచరులు కొందరి చేత గుర్రాలను నడిపించారు, స్వారీ చేయించారు. మనుషులకీ గుర్రాలకీ గుండె వేగం కొలిచే పరికరాలు తగిలించారు. మూడుసార్లు మామూలుగా అటూ ఇటూ తిరిగారు. నాలుగోసారి ముందు, మీరు దాటుతుంటే ఆ పక్కన గొడుగు టప్పున తెరుస్తాం అని చెప్పారు. గొడుగు తెరవలేదు. కానీ తెరుస్తారేమోనన్న దిగులుతో మనిషి గుండె దడదడలాడింది. గొడుగు సంగతి తెలియని గుర్రం గుండె వేగమూ పెరిగింది.

నా డిసెంబరు నెలంతా ఈ గొడుగే. బరాత్ లేదు, టపాకాయ లేదు. నేను లాయంలోకి అడుగుపెట్టగానే గుర్రాలు తలలెత్తేవి. నా ఊపిరి ఎక్కడో పైన, గొంతు దగ్గర ఆడుతుండేది. కకాకు స్వీడన్ తెలీదు. కానీ ఆయన నన్ను దువ్వుతూనే ఉండమన్నాడు. మెడ, భుజం, పక్కటెముకలు, తొడ. ఒక రోజు నేను దువ్వుతుంటే గుర్రం తల కిందికి వాల్చింది, కింది పెదవి వేలాడేసింది, పెద్దగా నిట్టూర్చింది. అప్పుడు గమనించుకున్నాను, నేనూ కడుపు దాకా గాలి పీలుస్తున్నానని.

“కల్ జీన్” అన్నాడు కకా. రేపు జీను.

లిస్ హార్టెల్‌ను ఎత్తుకున్నవాడు

ఇంటి పట్టున ఉన్న నెలల్లో నేను చదివిన వాళ్ళలో డెన్మార్క్ రౌతు లిస్ హార్టెల్ నన్ను వదల్లేదు. 1944లో కడుపుతో ఉండగా పోలియో వచ్చింది. బిడ్డ క్షేమంగా పుట్టింది. ఆమెకు మాత్రం మోకాళ్ళ కింద చలనం శాశ్వతంగా పోయింది. రౌతు గుర్రానికి సైగ చేసేది ముఖ్యంగా పిక్కలతోనే. అవి లేకుండా ఆమె నడుముతో, తొడలతో, బరువు అటూ ఇటూ మార్చి చెప్పడం నేర్చుకుంది. ఆమె గుర్రం జూబిలీ ఆ భాష నేర్చుకుంది. ఎక్కాలన్నా దిగాలన్నా ఒకరు ఎత్తాలి.

1952 హెల్సింకి ఒలింపిక్స్ దాకా డ్రెసాజ్, అంటే గుర్రాన్ని సైగలతో నడిపించే పోటీ, సైనికాధికారుల సొత్తు. ఆ ఏడే ఆడవాళ్ళకూ తలుపు తీశారు. ఆమె మగవాళ్ళతో పోటీపడి రజతం గెలిచింది. పతకం తీసుకోవడానికి గద్దె ఎక్కలేకపోతే, స్వర్ణం గెలిచిన స్వీడన్ సైనికుడు హెన్రి సాంసీర్ సాయం పట్టి ఎక్కించాడు. 1956లో మళ్ళీ రజతం. అందరూ ఆమె పట్టుదల గురించే రాస్తారు. నాకు మాత్రం పిక్కల సైగ లేకుండా ఆమె మనసు చదివిన ఆ గుర్రం మీదికే మనసు పోతుంది.

మన కాలంలో బ్రిటన్ రౌతు లారా కాలెట్ ఉంది. 2013లో గుర్రం కింద నలిగితే ఆమెను ఆరు రోజులు కోమాలో ఉంచారు, కుడికంటి చూపు పోయింది. టోక్యోలోనూ 2024 పారిస్‌లోనూ జట్టు స్వర్ణాలు, పారిస్‌లో సొంతంగా కాంస్యం. దూకాల్సిన అడ్డు ఎంత దూరంలో ఉందో ఒక్క కంటితో అంచనా కట్టడం ఎంత కష్టమో, ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూస్తే తెలుస్తుంది.

తిరిగి రావాల్సింది ఒక్కోసారి గుర్రమే. బెంగళూరు కుర్రాడు ఫవాద్ మీర్జా 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన గుర్రం సెన్యూర్ మెడికాట్ తర్వాత గాయపడింది. కోలుకుని టోక్యో ఒలింపిక్స్‌కు అతనితోనే వెళ్ళింది. ఇరవయ్యొకటో శతాబ్దంలో ఒలింపిక్ స్వారీ బరిలో దిగిన తొలి భారతీయుడతను. ఇరవై మూడో స్థానం. గుర్రాన్ని తొందరపెట్టకుండా ఆగినవాళ్ళను మనం మెచ్చుకుంటాం. అదే మనిషి ఆగితే పిరికివాడంటాం. ఇదేం న్యాయమో నాకు అర్థం కాదు.

పెళ్ళి గుర్రం

నా కోసం కకా ఎంచింది కుర్ర గుర్రాన్ని కాదు, ముసలి తెల్ల ఆడగుర్రాన్ని. మోకాళ్ళ మీద వెంట్రుకలు అరిగిపోయాయి, కళ్ళ పైన గుంటలు పడ్డాయి. పన్నెండేళ్ళు రాయ్‌పూర్ బరాత్‌ల్లో పెళ్ళికొడుకులను మోసిందట. పూసల ముసుగులు, జరీ జీను, జనరేటర్ లైట్లు, నాగిన్ డాన్సులు, అన్నీ చూసేసింది. దానికి టపాకాయంటే వాన చినుకు.

ఎత్తుపీట ఎక్కాను. జీను తంగు పట్టీ బిగుతు నేనే చూసుకున్నాను, కకా బిగించాక మళ్ళీ. రికాబులో ఎడమ కాలు పెట్టాను. అక్కడ ఆగిపోయాను. కుడి కాలు లేవదు. ఎంతసేపో తెలీదు. గుర్రం కదల్లేదు. కకా కళ్ళెం పట్టుకుని మరెటో చూస్తూ తంబాకు నలుపుతున్నాడు. ఎక్కు అనలేదు, దిగు అనలేదు. ఆ రోజు దిగిపోయాను. మర్నాడూ అంతే. మూడో రోజు కాలు దానంతటదే లేచింది.

మొదటి వారం నడకే. అదీ కకా తాడు పట్టుకుని. రెండో వారం ట్రాట్ అనే చిన్న పరుగు, ఇరవై అడుగులు. వెన్ను కిందుగా సన్నటి సలుపు. రాత్రి వేడినీళ్ళ కాపడం. అమ్మ ఫోను. “ఎక్కేసినావేటి?” అంది. ఎక్కేశానన్నాను. కాసేపు మాట్లాడలేదు. “తొడలు ఒరుసుకుపోతే కొబ్బరి నూనె రాసుకో” అంది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం గుర్రాన్ని తాడు లేకుండా బరి బయటికి తీసుకెళ్ళాను. దారి మలుపులో ఎదురుగా బరాత్. డోలు, బాకాలు, నెత్తిన ట్యూబులైట్లు మోస్తున్న ఆడవాళ్ళు. నా అరచేతులు తడిసిపోయాయి. పగ్గాలు బిగించబోయి ఆపుకున్నాను, ఊపిరి కడుపులోకి దించాను. గుర్రం చెవులు నిక్కించింది. నాలుగడుగులు వేసి, సరిగ్గా మేళం ముందు ఆగింది.

అదిలించాను. కదల్లేదు. మడమ తాకించాను. ఊహూఁ. మేళం ముందు ఆగి, చుట్టాలు ఆడి అలిసేదాకా నిలబడాలని పన్నెండేళ్ళు నేర్చుకున్న గుర్రం అది. పెళ్ళివారు నన్ను చూసి ఎవరో అతిథి అనుకున్నారు. ఒక ముసలాయన నోట్లో వేలు పెట్టి ఈల వేసి నా తల చుట్టూ పది రూపాయల నోటు తిప్పి మేళగాడికిచ్చాడు. వెనక కకా కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

పాట పూర్తయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.